అలెగ్జాండ్రియా పెళ్ళికొడుకు

పోలీసులు ఈ ఉదయం రగబ్‌ను పట్టుకున్న వలల కొట్టు సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు, ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పుడు నా పక్కనే బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. ఈ సంగతి నాకు ఇప్పుడే తట్టింది. నాకు తెలుసు, రగబ్‌కు తెలుసు, మా తమ్ముడు పస్కాలిస్‌కు తెలుసు. కొట్టు వాడిదే, తాళంచెవి వాడిదే, రగబ్ రాత్రిళ్ళు పడుకునేది అందులోనే. మా రేవులో గోడ పొడుగునా అలాంటి కొట్లు వరసగా ఉంటాయి, అన్నిటికీ అదే నీలం రంగు తలుపు, అదే తుప్పు తాళం, సొంతదారే ఒక్కోసారి పొరపాటున పక్కవాడి తలుపు తోస్తాడు. అలాంటిది పోలీసులు జీపు దిగి అటూ ఇటూ చూడకుండా తిన్నగా ఆ తలుపు దగ్గరికే నడిచారట. ఎదురుగా వల బాగుచేసుకుంటున్న ముసలాయన చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు, వాళ్ళు తట్టకముందే తలుపు తెరుచుకుందని, మీవాడు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడని. దాన్ని నేను పట్టించుకోలేదు. తిన్నగా ఆ తలుపు దగ్గరికే అన్నాడే, నా బుర్ర అక్కడే ఆగిపోయింది.

గింజ పగిలిన చప్పుడు. పస్కాలిస్ పొట్టును గుప్పిట్లో దాచుకుంటున్నాడు, ఎందుకంటే ఇది సలోనికి నగరంలో విదేశీయుల పోలీసు ఆఫీసు వరండా, కింద ఉమ్మితే ఎవరైనా ఏమైనా అంటారని వాడికి భయం. వాడికి భయమెక్కువ. చిన్నప్పుడు దొంగతనంగా పుచ్చకాయ కోసుకొచ్చి, తినకుండానే వెళ్ళి సొంతదారుతో చెప్పేసి వచ్చాడు. చెప్పేసే వాడు. ఆ మాట ఇప్పుడు కొత్త అర్థంతో గుచ్చుకుంటోంది. వీసా గడువు దాటిన వాడికి చోటిస్తే ఇచ్చినవాణ్ణి కూడా లోపలేస్తారని మా లాయరమ్మ మొన్న చెప్పినప్పుడు వాడు తలూపుతూనే ఉన్నాడు, కానీ ఆ రోజు కాఫీ సగం వదిలేసి లేచాడు. లాయరమ్మ ఇప్పుడు పై అంతస్తులో ఉంది. ఎల్లుండి శనివారం మునిసిపాలిటీలో నాకూ రగబ్‌కూ పెళ్ళి ఖాయమైందని పై అధికారికి చూపించి, అతను ఒప్పుకుంటే రగబ్‌ను ఇవాళే వదిలేస్తారట, నెలలోపు దేశం విడిచి వెళ్ళమని కాగితం చేతికిచ్చి. ఆలోపు పెళ్ళయితే ఆ కాగితం చెల్లదు. ఒప్పుకోకపోతే కైరో విమానం. ఏళ్ళ తరబడి మళ్ళీ ఈ గ్రీసు గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. ఒక గంట ఆగండి, పిలుస్తాం అన్నాడు కౌంటర్ దగ్గరి అధికారి. అందుకే ఈ బెంచీ. ఎదురు బెంచీ మీద ఒక జార్జియా దేశపు ఆవిడ, ముసలివాళ్ళ ఇళ్ళలో పనిచేసే మనిషిలా ఉంది, మడిచిన కోటు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. ఎంత హాయిగా నిద్రపోతోంది. దాచేదేమీ మిగలనివాళ్ళకి అలాంటి నిద్ర పడుతుందేమో.

నా చేతులు వాసన వేస్తున్నాయి. చేపల వేలంపాట షెడ్డులో నెత్తళ్ళ పెట్టెల మీద ఐసు పోస్తుండగా ఫోన్ వచ్చింది, అలాగే పరిగెత్తుకొచ్చాను. అక్కా, వాణ్ణి తీసుకెళ్ళారు అన్నాడు పస్కాలిస్. అప్పుడు నాకు మొదట ఏమనిపించింది? ఇది ఎవరికీ చెప్పలేను, నాకు నేనే చెప్పుకోవడానికి కూడా ఈ వరండాలో ఇంతసేపు పట్టింది. ఊపిరి తేలికైంది. అదీ. మొదట భయం కాదు, ఏడుపు కాదు, బిగించిన తాడు వదులైనట్టు ఛాతీలో ఒక తేలిక. ఇక ఆదివారం నాన్న ఇంటికి తీసుకెళ్ళక్కర్లేదు, అనుకున్నాను. చేతిలో ఐసు పార అలాగే ఉంది, నెత్తళ్ళు వెండిలా మెరుస్తున్నాయి, నేను అప్పటికే నాన్నకు చెప్పాల్సిన తర్వాతి అబద్ధం అల్లుతున్నాను. వ్యాపారం పనిమీద అలెగ్జాండ్రియా వెళ్ళాల్సి వచ్చింది నాన్నా, అక్కడే చిక్కుకుపోయాడు, పెళ్ళి వాయిదా. వాక్యం మొత్తం తయారైంది. ఆ తర్వాతే రగబ్ గుర్తొచ్చాడు. నలభై ఒక్కేళ్ళొచ్చిన దాన్ని, నా మనసులో వరసలో ఎవరు ముందు నిలబడతారో ఇవాళే తెలిసింది.

అసలు అతను గడువు దాటి ఉండిపోయిందే నా కోసం. ఇది కూడా నాకు తెలుసు. ఎండాకాలంలో వేట నిషేధం, మరపడవలన్నీ రేవులో కట్టేస్తారు, వాటి మీద పనిచేసే ఈజిప్టు కలాసీలంతా సంచులు సర్దుకుని ఇళ్ళకు పోతారు. ఆ ఏడు అతను పోలేదు. వల బాగుచేసే పని ఉందన్నాడు. వల బాగుచేసే పని రేవులో అందరికీ ఉంటుంది, దానికోసం ఎవరూ ఆగరు. వీసా ముగిసిన రోజు మేమిద్దరం రేవు చివర రాళ్ళ మీద కూర్చుని పీచ్ పళ్ళు తింటున్నాం. రసం మోచేతుల దాకా కారుతోంది. ఇవాళే కదూ అన్నాను. ఇవాళే అన్నాడు. మరి? అన్నాను. అతను గింజను నీళ్ళలోకి విసిరి, అది ఎక్కడ పడిందో చూసి, మళ్ళీ ఇంకో పండు తుడిచి నాకిచ్చాడు. అంతే. నేను ఆ పండు తీసుకున్నాను. వెళ్ళు, వెళ్ళి మళ్ళీ వీసా తెచ్చుకుని రా అని నేను అనొచ్చు. అనలేదు. తీసుకున్నాను. నాలుగేళ్ళ నుంచి అతను నగరంలోకి బస్సెక్కలేదు, పన్ను నొప్పితో మొహం వాచినా డాక్టరు దగ్గరికి పోలేదు, పోలీసు జీపు కనిపిస్తే చేపల పెట్టెల వెనక్కి తప్పుకుంటాడు, తప్పుకుని నవ్వుతాడు, పిల్లల ఆటలాగా. ఆ నవ్వు చూసి నేనూ నవ్వేదాన్ని. ఏం నవ్వు అది.

అబద్ధం నేను ఆడలేదు. మొదట ఆడలేదు. ఫోన్లో సుల్తానా అత్త అడిగింది. నాన్న, అత్త ఉండే మా ఊరు ఇక్కడికి దూరం, కవాలా పట్నం దాటి ఇంకా వెళ్ళాలి, రేవులో నా బతుకేమిటో వాళ్ళకు ఫోన్లో చెప్పినంతే తెలుస్తుంది. ఎవరో ఉన్నాడట కదే, ఎవరి తాలూకు? అంది. మా వైపు మనిషి ఎలాంటివాడని అడగరు, ఎవరి తాలూకని అడుగుతారు, మూడు తరాలు వెనక్కి వెళ్ళి ఎక్కడో ఒక పొయ్యి దగ్గర చుట్టరికం కలిసేదాకా వదలరు. ఏం చెప్పను? దుమ్యాత్ పక్కన, నైలు సముద్రంలో కలిసే చోట ఒక జాలరి ఊరు, వాళ్ళ తాలూకు అనాలా? అతను ఈజిప్టు నుంచి వచ్చాడు అత్తా, అన్నాను. అంతే అన్నాను. అత్త ఒక్క క్షణం ఆగి, "అలెగ్జాండ్రియా వాళ్ళా? మన అలెగ్జాండ్రియా వాళ్ళా!" అని గొంతు పైకెత్తింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పత్తి వ్యాపారాలు, ఫ్రెంచి మాటలు, తెల్ల చేతి రుమాళ్ళు! ఆ రోజుల్లో అక్కడ స్థిరపడ్డ మన గ్రీకులు దొరలే కదే! అక్కడ అంతా పోగొట్టుకుని వచ్చిన వాళ్ళ మనవడా?" కాదు అనడానికి ఒక్క మాట చాలు. ఫోన్ పట్టుకుని గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడ్డాను. నా వెనక తలుపవతల రగబ్ వల కుడుతున్నాడు, సూది ఆగిన చప్పుడు వినిపించింది, మళ్ళీ మొదలైంది. అతనికి రేవు భాష తప్ప రాదులే అనుకున్నాను. లాగు, దించు, పట్టు, వదులు. ఆ నాలుగు మాటలతో మమ్మల్నెలా అర్థం చేసుకుంటాడులే అని.

మర్నాటికి నాన్నకు తెలిసింది, ఆ సాయంత్రానికి కాఫీ దుకాణం మొత్తానికి తెలిసింది. నాన్న, బోటు నడిపిన సరంగు అర్గిరిస్, జీవితమంతా సముద్రం మీదే గడిపిన మనిషి, ఫోన్ చేసి గొంతు సవరించుకుని, "పేరేమిటమ్మా" అన్నాడు. మిహాలిస్, అన్నాను. ఇది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే బోటు మీద అతన్ని అలాగే పిలుస్తారు. కలాసీల పేర్లకు నోరు తిరగదని సరంగులు ఎక్కిన రోజే కొత్త పేరు పెట్టేస్తారు, ఒకడు మిహాలిస్, ఇంకొకడు యోర్గోస్. నాన్న బోటు మీదే ఒకే ఏడు ముగ్గురు మిహాలిస్‌లు ఉండేవాళ్ళు, పెద్ద మిహాలిస్, నల్ల మిహాలిస్, కుంటి మిహాలిస్. వాళ్ళ అసలు పేర్లు నాన్నకు తెలుసో లేదో. నాకైతే తెలియదు, వాళ్ళ చేతి పులుసు తిని పెరిగిన నాకు. ఆ పేరునే తీసి మళ్ళీ నాన్న చేతిలో పెట్టాను, తెల్ల చేతి రుమాల్లో చుట్టి. నాన్న సూటు ఇస్త్రీకి ఇచ్చాడట. కాఫీ దుకాణంలో అందరికీ కాఫీ పోయించాడట. మా నాయనమ్మ ఇలాగే చేసేది. సముద్రానికి ఆ ఒడ్డున ఉన్న టర్కీ నుంచి మూట నెత్తిన పెట్టుకుని శరణార్థిగా వచ్చిన మనిషి, ఇక్కడివాళ్ళు తురకసంతానం అని తిడుతుంటే, నేను కాన్‌స్టాంటినోపుల్ మహానగరం పిల్లని, మా ఇంట్లో పియానో ఉండేది అని చెప్పుకునేది. పియానో లేదు. బురద చెరువు పక్కన గడ్డి కప్పిన ఇల్లు, రెండు గేదెలు. చచ్చేముందు గేదెల పేర్లు పలవరించింది కాబట్టి తెలిసింది. నవ్వుకున్నాం అప్పుడు అందరం. పాపం నాయనమ్మ తన గురించే అబద్ధమాడింది. నేను ఇంకొక మనిషిని పట్టుకుని, అతని ఊరిని, అతని తండ్రిని, అతని పేరుని తుడిచేశాను.

పేరు. పెళ్ళంటే ముందు పేపర్లో పేర్లు పడాలి మా దగ్గర, వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊళ్ళు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోండి అని. నగరంలో ఇన్ని పేపర్లు ఉంటే నేను వెతికి వెతికి ఎవరూ చదవనిది పట్టుకున్నాను. అంతా వేలంపాటల నోటీసులు, దివాలా తీసిన దుకాణాల వివరాలు. పేపరు కాపీ ఒకటి మునిసిపాలిటీలో ఇవ్వడానికి రగబ్‌ను వెంట తీసుకెళ్ళాను, ఇద్దరం సంతకం పెట్టాలి మరి, ఆ ఒక్క రోజూ పస్కాలిస్ వ్యానులో వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. గుమాస్తా, లావుపాటి ఆవిడ, కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది, శనివారం ఏం జరుగుతుందో చెప్పింది, మేయరు నిలబడి చట్టం చదువుతాడు, మీ పేర్లు చదువుతాడు, ఒప్పుకుంటున్నారా అని అడుగుతాడు. నేను ముందుకు వంగి, "పేర్లు గట్టిగా చదవాలా అండీ? మెల్లగా చదివితే సరిపోదా?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసి, "పెళ్ళమ్మా తల్లీ ఇది, దొంగసొత్తు పంచుకోవడం కాదు" అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రగబ్ కూడా నవ్వాడు. అందరూ నవ్వుతున్నారని నవ్వాడనుకున్నాను. నాన్నను అసలు ఆ రోజుకు పిలవలేదు. ఊరికే సంతకాలు నాన్నా, చర్చిలో పెళ్ళి తర్వాత చేసుకుంటాం, మేమే ఆదివారం భోజనానికి వస్తాం అన్నాను. ఏ చర్చిలో, ఏ తర్వాత.

ఆదివారం భోజనం. ఇది తలుచుకోకూడదని ఉదయం నుంచి తప్పించుకుంటున్నాను, బెంచీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగినా అదే ఎదురవుతోంది. నాన్న భోజనానికి ముందు శిలువ గుర్తు వేసుకుంటాడు. అందరూ వేసుకుంటారు. వేసుకోని మనిషి ఆ బల్ల దగ్గర దీపంలా కనిపిస్తాడు. అందుకని పోయినవారం రగబ్‌ను నా గదిలో కిటికీ దగ్గర నిలబెట్టి నేర్పించాను. మూడు వేళ్ళు కలుపు, నుదురు, బొడ్డు, కుడి భుజం, తర్వాత ఎడమ. కుడి ముందు, మర్చిపోకు, ఎడమ ముందైతే కేథలిక్ వాళ్ళ పద్ధతి, నాన్న పట్టేస్తాడు. కేథలిక్ అనుకుంటాడనే భయం కూడా ఉంది చూడు నాకు. అతను నా చేతినే చూస్తున్నాడు. శుక్రవారం నమాజుకు గొంతు ఎత్తకుండా తువ్వాలు పరుచుకునే మనిషి, ఆ కిటికీ దగ్గరే. వేళ్ళు కలిపాడు, ఐసు కోసి, తాడు కోసి పగిలిన ఆ లావుపాటి వేళ్ళు. నుదురు, బొడ్డు, కుడి, ఎడమ. ముడి పడిందో లేదో చూసుకుంటున్న వాడిలా మళ్ళీ ఒకసారి చేశాడు. తర్వాత, "ఒక్కసారేనా?" అన్నాడు. ఒక్కసారే అన్నాను. "భోజనం ముందేనా, తర్వాత కూడానా?" అన్నాడు. తర్వాత కూడా వేసుకుంటారు. అది చెప్పలేకపోయాను. ముందు చాల్లే అన్నాను, బేరంలో ఏదో వదిలిపెట్టినట్టు. అతను కిటికీలోంచి బయటికి చూసి, గాలి తిరిగింది, రేపు కవళ్ళ చేపలు దొరుకుతాయి అన్నాడు. నేను టీ పెట్టడానికి వెళ్ళాను. స్టవ్ ముందు నిలబడితే మొహం కాలింది, స్టవ్ ఇంకా వెలిగించలేదు.

గింజ పగిలింది మళ్ళీ. ఆ చప్పుడు ఇక భరించలేకపోయాను.

"నువ్వేనా?" అన్నాను.

పస్కాలిస్ తలెత్తాడు. "ఏంటి నేను?"

"కొట్టు సంగతి నీకే తెలుసు. ఎవరికి చెప్పావు? పెళ్ళానికి చెప్పావా? పోలీసులకే చెప్పావా? భయపడి చెప్పేశావా, పుచ్చకాయ సంగతి చెప్పినట్టు?"

వాడు గుప్పిట్లో పొట్టు వైపు చూసుకున్నాడు. "అక్కా, నేనే చెప్పుంటే ఇక్కడ నీ పక్కన కూర్చుని నీ చేపల కంపు భరిస్తానా? ఇంట్లో మంచం కింద దూరి ఉండేవాణ్ణి." తర్వాత నవ్వు పోయింది. "వాడు నాతో రెండేళ్ళు ఒకే వల లాగాడు. తుపానులో నా బెల్టు పట్టుకుని ఆపాడు. ఆ తుపాను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. వాణ్ణి రగబ్ అని పిలిచేది బోటు మీద నేనొక్కణ్ణే. నువ్వు నాన్నతో మాట్లాడేటప్పుడు ఏమని పిలుస్తావో నాకు తెలుసు. నన్నడుగుతున్నావా ఎవరు పట్టించారని?"

వాడు లేచి వెళ్ళి పొట్టు చెత్తడబ్బాలో వేసి, అక్కడే గోడకానుకుని నిలబడ్డాడు, నా పక్కకు రాలేదు. అనుమానించాను. పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన వాణ్ణి, భయస్థుడు కానీ మాట దాటని వాణ్ణి. అనుమానించడం ఎంత సుఖంగా ఉండిందో ఇంతసేపూ, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది, ఇంకెవడో దొంగ ఉన్నాడంటే నేను కాదని. జార్జియా ఆవిడ కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. భాష అర్థమై ఉండదు. అర్థమై ఉండదని నేను ఎంతమంది గురించి అనుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. నాన్న. ఎత్తకుండా ఉండొచ్చు. ఎత్తాను. నాన్న ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండటం నాకు చేతకాదు.

"ఏమ్మా డొమ్నా, మీవాడికి గొర్రె మాంసం పడుతుందా? అలెగ్జాండ్రియా వాళ్ళు నాజూగ్గా తింటారంటోంది మీ అత్త. కోడి పెట్టించమంటావా?"

"తింటాడు నాన్నా. ఏదైనా తింటాడు."

"వైన్ ఏది ఇష్టం? మన పీపాలోది ముతకగా ఉంటుందేమో ఆయనకి."

"ఏదైనా పరవాలేదు." వైన్ ముట్టుకోని మనిషికి. పోలీసు స్టేషన్లో కూర్చుని ఏం మాట్లాడుతున్నాను నేను, ఏ నోటితో.

"నువ్వు ఎక్కడున్నావు, గోలగా ఉందేంటి?"

కౌంటర్ దగ్గరి అధికారి అప్పుడే కాగితం చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. అద్దం తలుపు అతని వెనక సగం తెరిచి ఉంది. "రగబ్ అబ్దెల్ గవాద్ తాలూకు ఎవరు?" అని పిలిచాడు. గట్టిగానే పిలిచాడు, వరండా చివరిదాకా. నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. నేను పంపలేదు, అదే వెళ్ళింది, మాట్లాడే చోటును అరచేత్తో మూసేసింది. నేను కూర్చునే ఉన్నాను. అధికారి వరండా అంతా చూశాడు. జార్జియా ఆవిడ తల అడ్డంగా ఊపింది, నేను కాదని. పస్కాలిస్ గోడ దగ్గర్నుంచి నన్ను చూశాడు, వాడే ముందుకెళ్ళొచ్చు, నేనని చెప్పొచ్చు, వెళ్ళలేదు. అరచేతి కింద నాన్న గొంతు కప్పలా గిజగిజలాడుతోంది. ఎంతసేపో తెలియదు. ఒక మనిషి గుటక వేసేంత సేపు. ఆ కాస్తలో నేను నాన్న సూటు చూశాను, కాఫీ దుకాణంలో కుర్చీలు చూశాను, అత్త రుమాలు చూశాను. రగబ్‌ను చూడలేదు.

"రగబ్ అబ్దెల్ గవాద్! ఎవరూ రాలేదా?"

లేచాను. చెయ్యి ఫోన్ మీద నుంచి జారింది. "నేను," అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. "నేను వచ్చాను. రగబ్ మావాడే. శనివారం మా పెళ్ళి."

ఫోన్లోంచి నాన్న గొంతు సన్నగా వినిపించింది. "ఎవరు? ఏ రగబ్? డొమ్నా, ఎవరి తాలూకే వాడు?"

ఫోన్ పస్కాలిస్ చేతిలో పెట్టేశాను. ఇది కూడా పారిపోవడమే, తెలుసు. నా వెనక వాడి గొంతు వినిపిస్తూనే ఉంది, "నాన్నా, నేను పస్కాలిస్‌ని... లేదు లేదు, అక్క బాగానే ఉంది... నువ్వు ముందు కుర్చీలో కూర్చో, కూర్చున్నావా? మన బోటు మీద నల్ల మిహాలిస్ ఉండేవాడు గుర్తుందా, అతని అసలు పేరు నీకు తెలుసా..." అధికారి నా చేత రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. పైన ఒప్పుకున్నారట, ఇవాళే వదిలేస్తారట, మీ లాయరు కాగితం తెచ్చేదాకా లోపల కూర్చోండి మేడమ్ అన్నాడు. బావుంది, విమానం లేదు. సంతోషం రావాలి, దానికోసం ఆగి చూశాను.

అద్దం తలుపు లోపల రగబ్ బల్లకవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. సంకెళ్ళు లేవు. ముసలాయన చెప్పిన రెండో సంగతి అప్పుడు నా ముందు కూర్చుంది, మొహం కడుక్కుని. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరో కొట్టు సంగతి చెప్పారు రగబ్, ఎవరో తెలియడం లేదు, పస్కాలిస్‌ను కూడా అనరాని మాటలన్నాను అని మొదలుపెట్టాను. అతను చెయ్యి కొంచెం ఎత్తాడు, చాలన్నట్టు. రేవులో నేర్చిన మాటలే, చిన్న చిన్న వాక్యాలే, కానీ ఒక్క మాట కోసం కూడా వెతుక్కోలేదు.

"పస్కాలిస్ కాదు. అతన్ని ఏమీ అనకు. నేనే ఫోన్ చేశాను డొమ్నా. నిన్న సాయంత్రం. గోడ చివర నుంచి లెక్కపెట్టుకుంటూ రండి, నీలం తలుపు, కింద కొంచెం విరిగి ఉంటుంది అని చెప్పాను. వాళ్ళు నమ్మలేదు, నవ్వారు. పేరు చెప్పమన్నారు. పూర్తి పేరు చెప్పాను, మా నాన్న పేరు, మా తాత పేరు, మా ఊరు. అంత పొడుగు పేరు చెప్పి నాలుగేళ్ళయింది, మధ్యలో ఎక్కడైనా తప్పుతానేమోనని భయమేసింది. పోలీసుల నుంచి దాక్కోవడం నాకు కష్టం కాదు. మీ నాన్న నుంచి కూడా దాక్కోమన్నావు. సరే, పెద్దాయన, ఒక్క ఆదివారం అనుకున్నాను. చెయ్యి ఇలా పెట్టు, ఇలా పెట్టు అన్నావు. పెట్టాను. కానీ ఆ గుమాస్తాను అడిగావు కదా, పేర్లు మెల్లగా చదవచ్చా అని. నాకు రాదనుకున్నావు. మెల్లగా అన్నది బోటు ఎక్కిన రోజు నేర్చుకున్న మొదటి మాట. మెల్లగా దించు, మెల్లగా లాగు. కొట్లో పడుకుని ఆలోచించాను. పెళ్ళయితే ఇక పోలీసు ఎవడూ నన్ను వెతకడు. కానీ నీ ఇంట్లో దాక్కునే ఉండాలి, ముసలివాణ్ణయ్యేదాకా. అందుకే చేశాను. వాళ్ళు నన్ను పట్టుకుంటే నువ్వు వచ్చి నా పేరు చెప్పాలి, అందరి ముందూ చెప్పాలి. రాకపోతే నేను మా ఊరికి పోతాను, అక్కడా సముద్రముంది. పరీక్ష పెట్టావంటావు. అవును, పెట్టాను. నీకు పరీక్ష పెట్టడం తప్పు, నిన్ను ఏడిపించడం తప్పు, ఒప్పుకుంటున్నాను. శనివారం మీ నాన్న వచ్చి ముందు వరసలో కూర్చుంటేనే నేను వస్తాను, అది కూడా చెప్పేస్తున్నాను. నువ్వు లేచావు, చూశాను, తలుపు అద్దానిదే కదా. కానీ ఆయన రెండుసార్లు పిలిచాడు డొమ్నా. మొదటిసారి పిలిచినప్పుడు నీ చెయ్యి ఫోన్ మూసింది. రెండోసారి పిలిచేదాకా నేను ఏ దేశంలోనూ లేను."